పల్లి నూనె లీటరుకి అసలు ఖర్చెంత? టాలీలో బీఓఎం సెట్ చేద్దాం

 

లాస్ట్ రెండు ఎపిసోడ్లలో టాలీప్రైమ్‌లో స్టాక్ ఎలా ఎక్కించాలి, అమ్మకం బిల్లు ఎలా కొట్టాలి అని చూశాం. ఆ వీడియోల కింద ఎక్కువగా వచ్చిన కామెంట్ ఏంటంటే, "అన్నా, మేం కొని అమ్మే షాపు కాదు, మేమే తయారు చేస్తాం, మా సంగతేంటి?" పచ్చళ్లవాళ్లు, పొడులవాళ్లు, సబ్బులు చేసేవాళ్లు, చాలామంది అడిగారు. వాటిల్లో ఒక మెసేజ్ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆయన గానుగ నూనె యూనిట్ నడుపుతున్నారు. పల్లి నూనె లీటరు 300 రూపాయలకి అమ్ముతున్నారు, జీఎస్టీ కలుపుకుని. సరుకు బాగానే పోతోందట. టాలీ ఓపెన్ చేస్తే లాభం చూపిస్తోందట. కానీ నెలాఖరుకి పల్లీలు కొనడానికి డబ్బులు ఉండట్లేదు, మళ్లీ అప్పు. "లాభం స్క్రీన్ మీద ఉంది, జేబులో లేదు" అని రాశారు.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్న మీదే. బీఓఎం ఎలా సెట్ చేయాలో చూద్దాం, ఆయన లాభం ఎక్కడికి పోయి ఉంటుందో కూడా వెతుకుదాం. ఆయన పుస్తకాలు నేను చూడలేదు, కాబట్టి అంకెలన్నీ నేను లెక్క కోసం తీసుకున్నవి. మీ ఊళ్లో రేట్లు వేరే ఉంటాయి, వాటితో మళ్లీ వేసుకోండి.

ముందు బీఓఎం అంటే ఏంటో ఒక నిమిషంలో. బిల్ ఆఫ్ మెటీరియల్స్. పేరులో బిల్ ఉంది కదా అని ఎవరికో ఇచ్చే బిల్లు అనుకోకండి. ఒక వస్తువు తయారవ్వాలంటే ఏ సరుకు ఎంత పడుతుంది, తయారయ్యాక పక్కన ఇంకేం మిగులుతుంది, ఈ జాబితానే బీఓఎం. వంటకి పదార్థాలు, కొలతలు రాసుకున్నట్టు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్తా, ఇది మీ ప్రాజెక్టులో డిపెండెన్సీ ఫైల్ లాంటిది. తేడా ఒక్కటే, అక్కడ వెర్షన్ తప్పు రాస్తే బిల్డ్ ఆగిపోతుంది, ఇక్కడ కొలత తప్పు రాస్తే ఏమీ ఆగదు. అన్నీ బాగున్నట్టే నడుస్తుంది. ప్రాబ్లమ్ అదే.

బీఓఎం లేకుండా ఎందుకు కుదరదు? షాపువాళ్లకి కొన్నదే అమ్మేది. 10 సబ్బులు కొన్నారు, 4 అమ్మారు, 6 ఉన్నాయి. అయిపోయింది. మీకు లోపలికి వచ్చేది పల్లీల బస్తా, బయటికి పోయేది నూనె బాటిల్. మధ్యలో ఏం జరిగిందో టాలీకి మీరు చెప్పాలి. చెప్పకపోతే పల్లీలు గోడౌన్‌లో అలాగే ఉన్నాయనుకుంటుంది, బాటిళ్లేమో లేనివి అమ్మేసినట్టు మైనస్‌లోకి పోతాయి.

సరే, ఇప్పుడు కంప్యూటర్ జోలికి వెళ్లొద్దు. ముందు తక్కెడ దగ్గరికి వెళ్దాం. నేను చూసినంతలో చాలామంది బీఓఎంని ఆఫీసులో కూర్చుని నింపేస్తారు. "100 కిలోలకి 40 లీటర్లు వస్తుంది కదా, కొట్టేయ్" అని. ఎవరు చెప్పారు 40? పక్క ఊరి గానుగాయన చెప్పాడు, లేదా మెషీన్ అమ్మినాయన చెప్పాడు. మెషీన్ అమ్మినాయన తక్కువ చెప్తాడా? పల్లీల్లో నూనె సుమారు 45 నుంచి 50 శాతం దాకా ఉంటుంది, కానీ గానుగ అదంతా లాగలేదు, కొంత పిప్పిలోనే ఉండిపోతుంది. రకాన్ని బట్టి, తేమని బట్టి, పల్లీలు ఎంత పాతవన్న దాన్ని బట్టి మారుతుంది. అందుకని ఒక నాలుగైదు దఫాలు మీ గానుగలోనే, మీ పల్లీలతోనే ఆడించి, ప్రతిదీ తూకం వేసి రాసుకోండి. సెల్‌ఫోన్‌లో నోట్స్‌లో రాసినా చాలు.

ఇక్కడ పేర్ల గోల ఒకటి ఉంది. గానుగ చెక్కది, నూనె తీశాక మిగిలేదాన్నీ చెక్క అనే అంటాం. కొన్నిచోట్ల తెలగపిండి అంటారు. ఈ వీడియోలో చెక్క అంటే పశువుల దాణాకి పోయేదే. గానుగని గానుగ అనే అంటాను.

మన లెక్క ఇలా అనుకుందాం. 100 కిలోల పల్లీలు పోశాం. గానుగ నుంచి దిగిన రోజు తూకం వేస్తే నూనె 41 కిలోలు. కానీ అది బీఓఎంలో రాసే అంకె కాదు. రెండు మూడు రోజులు తేరుకోనిస్తే అడుగున మడ్డి దిగుతుంది. ఒక కిలో మడ్డి పోగా తేట నూనె 40 కిలోలు. చెక్క 56 కిలోలు. మొత్తం 97. మిగతా 3 కిలోలు దుమ్ము, తేమ, గానుగకి అంటుకుపోయింది. ఆ 3 కిలోలు ఎక్కడికీ పోలేదని, ఎవరో దొంగిలించారని కంగారు పడొద్దు, అది ఈ పనిలో మామూలు. మామూలు ఎంతో తెలిస్తేనే మామూలు కానిది కనిపిస్తుంది.

గమనించారా, నూనెని కిలోల్లో చెప్పాను, లీటర్లలో కాదు. ఇది చాలా ఇంపార్టెంట్, పాజ్ చేసి మీ వంటింట్లోకి వెళ్లి నూనె ప్యాకెట్ చూసి రండి. 1 లీటర్ అని ఉంటుంది, పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, వంటనూనె ప్యాక్ చేసేవాళ్లు పరిమాణంతో పాటు బరువు కూడా వేయాలని, ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారన్న మాట తీసేయాలని చెప్పింది. ఎందుకంటే నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర లీటరు అని రాస్తే బరువు తగ్గించి పోయొచ్చు. కిలో మాత్రం ఎండాకాలమైనా చలికాలమైనా కిలోనే. అందుకే డ్రమ్ములో ఉన్న నూనెని టాలీలో కిలోల్లోనే పెట్టండి. లీటర్లు అనేది బాటిల్ దగ్గర మాత్రమే వస్తుంది. 40 కిలోలని 0.91తో భాగిస్తే సుమారు 44 లీటర్లు. ఈ 40కీ 44కీ మధ్య ఉన్న తేడా దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు టాలీ తెరుద్దాం. ఫోన్‌లో చూస్తున్నవాళ్లకి స్క్రీన్ చిన్నగా కనిపిస్తుంది, అందుకే మాటల్లో చెప్తున్నా. వెర్షన్‌ని బట్టి పదాలు అటూఇటూ ఉండొచ్చు, దారి మాత్రం ఇదే.

మొదట యూనిట్లు. గేట్‌వే ఆఫ్ టాలీలో క్రియేట్, అందులో యూనిట్. కిలో అని ఒకటి, నంబర్స్ అని ఒకటి. కిలో క్రియేట్ చేసేటప్పుడు డెసిమల్ ప్లేసెస్ అని అడుగుతుంది. చాలామంది ఎంటర్ కొట్టేసి సున్నా వదిలేస్తారు. సున్నా ఉంటే మీరు 0.91 అని ఎలా ఇస్తారు? అక్కడ 3 పెట్టండి. గ్రాముల దాకా లెక్క వస్తుంది.

తర్వాత స్టాక్ ఐటమ్స్. పల్లీలు, విడి పల్లి నూనె, పల్లి చెక్క, మడ్డి, ఖాళీ బాటిల్ మూతతో, లేబుల్, అట్టపెట్టె, చివరిగా పల్లి నూనె 1 లీటర్ బాటిల్. విడి నూనె, బాటిల్ నూనె రెండూ ఒకటే కదా, ఒకే ఐటమ్ పెడితే పోలా అని అడుగుతారు. వద్దు. డ్రమ్ములో ఎంత ఉంది, బాటిళ్లలో ఎంత ఉంది అనేది మీకు రోజూ కావాల్సిన సమాచారం. పైగా అదే డ్రమ్ము నుంచి రేపు 5 లీటర్ల డబ్బా కూడా నింపుతారు. అప్పుడు డబ్బాకి ఇంకో బీఓఎం, 4.55 కిలోల నూనెతో. విడి నూనె బీఓఎం మాత్రం ముట్టుకోనక్కర్లేదు. జీఎస్టీ కోసం హెచ్ఎస్ఎన్ కోడ్లు కూడా వేరు, పల్లి నూనె 1508 కింద, చెక్క 2305 కింద వస్తాయి. రెండిటికీ ఒకే కోడ్ కొట్టేయకండి.

ఇప్పుడు విడి పల్లి నూనె ఐటమ్ క్రియేట్ చేసే స్క్రీన్‌లో ఉండగా ఎఫ్12 నొక్కండి. అక్కడ సెట్ కాంపోనెంట్స్ లిస్ట్ డీటెయిల్స్, బిల్ ఆఫ్ మెటీరియల్స్ అని ఒక లైన్ ఉంటుంది, దాన్ని ఎస్ చేయండి. బీఓఎం ఆప్షన్ కనిపించట్లేదు అని వచ్చే కామెంట్లలో చాలావాటికి జవాబు ఈ ఒక్క లైనే. సేవ్ చేసి వెనక్కి వస్తే ఐటమ్ స్క్రీన్‌లో సెట్ కాంపోనెంట్స్ అని కొత్తగా కనిపిస్తుంది. ఎస్ కొడితే బీఓఎంకి పేరు అడుగుతుంది. "పల్లీల నుంచి" అని పెడదాం. పేరు ఎందుకంటే ఒకే వస్తువుకి ఎన్ని బీఓఎంలైనా పెట్టుకోవచ్చు. ఉదాహరణకి సీజన్‌లో మీరు అనంతపురం వైపు నుంచో వనపర్తి వైపు నుంచో కాయలే కొని, మీరే ఒలిపించి ఆడిస్తే, "కాయల నుంచి" అని ఇంకోటి పెట్టుకోవచ్చు. 100 కిలోల కాయలు ఒలిస్తే పప్పు సుమారు 70 కిలోలు వస్తుంది, కాబట్టి ఆ లెక్క పూర్తిగా వేరు.

పేరు పెట్టాక లోపలి స్క్రీన్. పైన యూనిట్ ఆఫ్ మ్యానుఫ్యాక్చర్ అని అడుగుతుంది, అంటే కింద రాయబోయే కొలతలు ఎంత సరుకుకి అని. చాలా వీడియోల్లో ఇక్కడ 1 పెట్టమంటారు. నా సలహా 40 పెట్టండి, 40 కిలోలు. ఎందుకంటే మీరు కొలిచింది 100 కిలోల పల్లీల దఫా. 1 పెడితే పల్లీలు 2.5 కిలోలు, చెక్క 1.4 కిలోలు అని భాగించుకుంటూ కూర్చోవాలి, ఆరు నెలల తర్వాత ఆ అంకె ఎక్కడిదో మీకే గుర్తుండదు. దఫా ఎంతో బీఓఎం అంతకే రాయండి.

ఇదే స్క్రీన్‌లో ఇంకోసారి ఎఫ్12 నొక్కి, డిఫైన్ టైప్ ఆఫ్ కాంపోనెంట్ అన్నది ఎస్ చేయండి. ఇప్పుడు ప్రతి లైను పక్కన రకం అడుగుతుంది. కాంపోనెంట్, బై-ప్రొడక్ట్, కో-ప్రొడక్ట్, స్క్రాప్. పల్లీలు 100 కిలోలు, కాంపోనెంట్. చెక్క 56 కిలోలు, బై-ప్రొడక్ట్. మడ్డి 1 కిలో, స్క్రాప్. గోడౌన్ అడిగితే ఏ గోడౌన్ నుంచి పోతుందో ఇవ్వండి. అంతే, బీఓఎం అయిపోయింది.

రేటు ఎక్కడ రాయాలి? పల్లీల రేటు బీఓఎంలో రాయం. బీఓఎం కొలతలే గుర్తుపెట్టుకుంటుంది. పల్లీలు కొన్న బిల్లుల్లోంచి టాలీ ఆ రోజు స్టాక్ రేటు తనే తెచ్చుకుంటుంది, మీరు మార్చకపోతే సగటు ధర. కాబట్టి పల్లీల రేటు పెరిగిందని బీఓఎం మార్చక్కర్లేదు. చెక్కకి మాత్రం మీరే విలువ ఇవ్వాలి, అది మీరు కొన్నది కాదు కదా.

ఈ చెక్క విలువ దగ్గర కాసేపు ఆగుదాం. పల్లీలు కిలో 120 అనుకుంటే 100 కిలోలు 12,000. కూలి, కరెంటు కలిపి దఫాకి 1,200. మొత్తం 13,200. చెక్క సంగతి మర్చిపోయి 40 కిలోలతో భాగిస్తే నూనె కిలో 330 రూపాయలు పడింది, లీటరు దాదాపు 300. అంటే బాటిల్ కొనకముందే 300 అయిపోయింది, యూనిట్ మూసేసుకోవాలి అనిపిస్తుంది. ఇప్పుడు చెక్క కిలో 40 చొప్పున 56 కిలోలు, 2,240 రూపాయలు తీసేయండి. 10,960. 40తో భాగిస్తే కిలో 274, లీటరు 249 రూపాయల 34 పైసలు. ఒక్క లైన్‌తో లీటరుకి 50 రూపాయల తేడా. ఇది నా సొంత కవిత్వం కాదు, మన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 2 కూడా చిన్నపాటి బై-ప్రొడక్ట్ విలువని అసలు సరుకు ఖర్చులోంచి తీసేయొచ్చనే చెప్తుంది. కానీ ఆ 40 రూపాయలు మీకు నిజంగా వచ్చే ధర అయి ఉండాలి. డైరీ ఆయన బేరమాడి 32కే పట్టుకెళ్తుంటే 32 రాయండి.

ఇక తయారీ ఎంట్రీ. దీనికో వోచర్ టైప్ కావాలి. క్రియేట్‌లో వోచర్ టైప్, పేరు మ్యానుఫ్యాక్చరింగ్ జర్నల్, రకం స్టాక్ జర్నల్, కింద యూజ్ యాజ్ మ్యానుఫ్యాక్చరింగ్ జర్నల్ అన్నది ఎస్. ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత వోచర్స్‌లోకి వెళ్లి ఎఫ్10 నొక్కి దాన్ని ఎంచుకోండి. ప్రొడక్ట్ విడి పల్లి నూనె, బీఓఎం "పల్లీల నుంచి", పరిమాణం 40 కిలోలు. ఎంటర్ కొట్టగానే పల్లీలు 100, చెక్క 56, మడ్డి 1, అన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. చూడ్డానికి భలే ఉంటుంది. చెక్క పక్కన రేటు 40 ఇవ్వండి. అడిషనల్ కాస్ట్ దగ్గర కూలి, కరెంటు 1,200. కింద ఎఫెక్టివ్ రేట్ 274 అని చూపిస్తుంది.

ఒక చిన్న మాట, కూలి ఇక్కడ రాసినంత మాత్రాన మీ క్యాష్ తగ్గదు. ఇది స్టాక్ విలువ కోసం రాసే ఎంట్రీ మాత్రమే. కూలి ఇచ్చినప్పుడు పేమెంట్ ఎంట్రీ విడిగా వేయాల్సిందే. డబుల్ అవుతుందేమో అని కొందరు ఇక్కడ వదిలేస్తారు, అవ్వదు.

తర్వాత బాటిల్ బీఓఎం. ఇది ఈజీ. యూనిట్ ఆఫ్ మ్యానుఫ్యాక్చర్ 12 బాటిళ్లు, ఎందుకంటే పెట్టెకి 12. విడి నూనె 10.92 కిలోలు, బాటిళ్లు 12, లేబుళ్లు 12, అట్టపెట్టె 1. బాటిల్ మూతతో 12 రూపాయలు, లేబుల్ 2, పెట్టె 36 అనుకుంటే ఒక్కో బాటిల్ మీద 17 రూపాయలు. 249.34కి 17 కలిపితే 266.34.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టిన 40, 44 సంగతి. ఎవరైనా బాటిల్ బీఓఎంలో నూనె 1 కిలో అని రాశారనుకోండి. లీటరే కదా, కిలోనే కదా అని. డ్రమ్ములో నిజంగా 44 బాటిళ్లు నిండుతాయి. ఎంట్రీలో 44 కొడితే టాలీ 44 కిలోలు తగ్గించబోతుంది, ఉన్నది 40, నెగటివ్ స్టాక్ అని వార్నింగ్ వస్తుంది. ఎంట్రీ వేసే కుర్రాడు ఏం చేస్తాడు? వార్నింగ్ రాకుండా 40 కొట్టి ముందుకెళ్తాడు. వాడి తప్పు కూడా కాదు. కానీ దఫాకి 4 బాటిళ్లు పుస్తకంలో లేవు. పుస్తకంలో లేని సరుకు గోడౌన్‌లోంచి మాయమైతే ఎవరు కనిపెడతారు? ఎవర్నీ అనుమానించమని చెప్పట్లేదు. అనుమానించాల్సిన అవసరమే లేకుండా లెక్క పెట్టుకోమంటున్నా.

సరే, అసలు మ్యాటర్‌కి వద్దాం. ఆ మెసేజ్ పెట్టినాయన లాభం ఎక్కడికి పోయి ఉంటుంది?

వానలు పడ్డాయి అనుకోండి. పల్లీలు కాస్త చెమ్మగా వచ్చాయి, లేదా లాట్ మారింది. 100 కిలోలు పోస్తే ఈసారి నూనె 37 కిలోలే వచ్చింది. చెక్క 58. గానుగ దగ్గర ఉన్నాయన ఆఫీసుకి ఫోన్ చేసి "ఈరోజు 37 వచ్చింది" అని చెప్పాడు. ఆఫీసులో మ్యానుఫ్యాక్చరింగ్ జర్నల్‌లో 37 అని కొట్టారు. టాలీ ఏం చేస్తుంది? దానికి తెలిసింది బీఓఎం మాత్రమే. 40కి 100 అయితే 37కి ఎంత? 92.5 కిలోలు. త్రైరాశికం. అదే నింపేస్తుంది. చెక్క కూడా 51.8 కిలోలు అని నింపేస్తుంది. ఎంటర్, ఎంటర్, సేవ్. అయిపోయింది.

నిజానికి బస్తాల్లోంచి పోయింది 100 కిలోలు. పుస్తకంలో పోయింది 92.5. అంటే 7.5 కిలోల పల్లీలు, 900 రూపాయల సరుకు, గోడౌన్‌లో లేకుండానే టాలీలో ఉంది. ఒక దఫా కదా అనుకోవచ్చు. నెలకి 20 దఫాలు ఆడిస్తే 150 కిలోలు, 18,000 రూపాయలు. సంవత్సరం చివర లాభం లెక్కేసేటప్పుడు మిగిలిన స్టాక్ విలువ లాభం వైపే చేరుతుంది. లేని పల్లీలు లాభంగా కనిపిస్తాయి. చెక్కకి రివర్స్, దఫాకి 6.2 కిలోలు నిజంగా ఉంది, పుస్తకంలో లేదు. 20 దఫాలకి 124 కిలోలు. అది ఎవరు అమ్ముకున్నా అడిగేవాడు లేడు.

ఇంకో బాధ ఏంటంటే, సరుకు మైనస్ అయితే టాలీ వార్నింగ్ ఇస్తుంది. లేని సరుకు ఉన్నట్టు చూపిస్తే ఏ వార్నింగూ రాదు. పాపం దానికెలా తెలుస్తుంది?

ఖర్చు చూడండి. ఆటోమేటిక్‌గా నింపింది వదిలేస్తే టాలీ చూపించే నూనె ఖర్చు కిలో 276 రూపాయల 43 పైసలు. లీటరుకి చూస్తే మొన్నటికంటే రెండు రూపాయలు ఎక్కువ, అంతే కదా అనిపిస్తుంది. నిజం లెక్క వేద్దాం. 13,200లోంచి చెక్క 58 కిలోలకి 2,320 తీసేస్తే 10,880. దాన్ని 37తో భాగిస్తే 294 రూపాయల 5 పైసలు. లీటరుకి 267.59, ప్యాకింగ్ 17 కలిపితే బాటిల్ 284.59.

ఆయన అమ్మేది 300. జీఎస్టీ 5 శాతం అందులోనే ఉంది. అంటే ఆయన చేతికి వచ్చేది 300ని 1.05తో భాగిస్తే 285.71. మంచి దఫాలో బాటిల్ మీద 19 రూపాయల 37 పైసలు మిగులుతుంది. చెమ్మ పల్లీల దఫాలో ఎంత? ఒక రూపాయి 12 పైసలు. కొరియర్, షాపువాడి మార్జిన్, ఫోన్‌పే పెట్టుకున్న బాక్స్ అద్దె, ఇవేమీ ఇంకా కలపలేదు. టాలీ స్క్రీన్ మీద మాత్రం బాటిల్‌కి 17 రూపాయల లాభం అలాగే మెరుస్తూ ఉంటుంది. ఆయన కేసులో ఇదే జరిగిందని నేను గ్యారంటీ ఇవ్వలేను, కానీ నేనైతే మొదట చూసేది ఇక్కడే.

అయితే చేయాల్సింది ఏంటి? మ్యానుఫ్యాక్చరింగ్ జర్నల్‌లో బీఓఎం నింపిన అంకెలు ఫైనల్ కాదు, వాటి మీదకి వెళ్లి మార్చొచ్చు. నూనె 37 కొట్టాక, పల్లీల లైన్‌లో 92.5 చెరిపి 100 కొట్టండి. చెక్క దగ్గర 58 కొట్టండి. అంతే, పది సెకన్ల పని. కానీ ఆ పది సెకన్లు పని చేయాలంటే గానుగ దగ్గర నుంచి ఒక్క అంకె వస్తే సరిపోదు, మూడు రావాలి. పల్లీలు ఎంత పోశారు, నూనె ఎంత దిగింది, చెక్క ఎంత. నా సలహా, గానుగ పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ తాడు కట్టి వేలాడదీయండి. వాట్సాప్‌లో పంపమంటే మర్చిపోతారు, ఫొటోలు గ్యాలరీలో కలిసిపోతాయి. నోట్‌బుక్ ఎక్కడికీ పోదు. నేను యాప్‌లు తయారు చేసే పనిలోంచి వచ్చినవాణ్ని, అయినా ఇక్కడ నోట్‌బుక్ అనే చెప్తున్నా.

బీఓఎంని మార్చాలా మరి? ఒక్క దఫా తగ్గిందని మార్చకండి. బీఓఎం అంటే ఎంత రావాలి. జర్నల్ అంటే ఎంత వచ్చింది. వచ్చిన ప్రతిదానికీ బీఓఎం మార్చేస్తే తేడా ఎప్పటికీ కనిపించదు. వరసగా ఓ నెలపాటు 38 దగ్గరే తిరుగుతుంటే అప్పుడు ఆలోచించండి, గానుగలో ఏదైనా అరిగిందా, పల్లీల వ్యాపారి సరుకు మార్చాడా అని. అదీ కాదు, ఇక ఇంతే అని తేలితే, అప్పుడు కొత్త పేరుతో కొత్త బీఓఎం. పాతది అలాగే ఉంచండి.

డ్రమ్ము ఒరిగి 10 కిలోల నూనె నేల పాలైందనుకోండి, అది బీఓఎంలోకి, బాటిల్ ఖర్చులోకి ఎక్కించకండి. అది ఆ రోజు నష్టం. స్టాక్ జర్నల్‌లో విడిగా తగ్గించి రాయండి, ఆల్ట్ ఎఫ్7. అలాగే నెలకోసారి బస్తాలు తూకం వేసి ఫిజికల్ స్టాక్ వోచర్‌లో, కంట్రోల్ ఎఫ్7, నిజంగా ఉన్న అంకె ఎక్కించండి. కొందరు ఈ ఫిజికల్ స్టాక్ ఒక్కటి చాలు, దఫా దఫాకి ఎందుకు అంటారు. చాలదు. నెలాఖరుకి 150 కిలోలు తగ్గాయని తెలుస్తుంది, ఏ దఫాలో, ఏ లాట్‌లో అన్నది తెలియదు. ఆ లోపు బాటిళ్లన్నీ తప్పు ధరకి అమ్మేసి ఉంటారు.

కామెంట్లలో వచ్చిన రెండు ప్రశ్నలు తీసుకుని ముగిస్తా. ఒకరు అడిగారు, టాలీ కాకుండా వేరేవాటిలో ఉందా అని. ఉంది. జోహో ఇన్వెంటరీలో కాంపోజిట్ ఐటమ్స్ అని ఉంటుంది. ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ రెండిట్లోనూ బీఓఎం అనే పేరుతోనే ఉంటుంది, ఇంకా వివరంగా. బటన్లు మారతాయి. కిలో, లీటరు తేడా, చెక్క విలువ, 37 కొడితే 92.5 నింపడం, ఇవి ఎక్కడైనా చూసుకోవాల్సినవే.

ఇంకొకరు నువ్వుల నూనె ఆడిస్తారట. నువ్వుల్లో బెల్లం వేస్తారు కదా, అది కూడా కాంపోనెంట్‌గా రాయాలా అని. రాయాలి. బెల్లం మీరు కొన్నదే, డబ్బులిచ్చారు, గానుగలో పోశారు. పైగా దాని బరువు చెక్కలో కలుస్తుంది, రాయకపోతే నువ్వుల కంటే ఎక్కువ బరువు బయటికొచ్చినట్టు కనిపించి బుర్ర పాడవుతుంది. నీళ్లు చిలకరిస్తారు కదా, వాటిని మాత్రం వదిలేయండి.

మీ యూనిట్‌లో దఫాకి ఎంత పోస్తే ఎంత వస్తోందో కింద కామెంట్ చేయండి, పచ్చళ్లైనా, పొడులైనా, సబ్బులైనా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఒక కారప్పొడి యూనిట్ తీసుకుందాం, ఎండుమిర్చి తొడిమలు తీస్తే బరువు ఎంత పోతుందో అక్కడి నుంచి మొదలుపెడదాం. ఉంటా మరి, బై.